ముందు మందు, మధ్యలో కత్తి, మళ్ళీ మందు

(పుట్టుకతో వచ్చే రక్తనాళాల లోపాల గురించి తల్లిదండ్రులు, యువ వైద్యులు కలిసి కూర్చున్న సభలో ఒక ప్లాస్టిక్ సర్జన్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు వరసల్లో పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అమ్మానాన్నలు ఉన్నారు. వెనక వరసల్లో పీజీ చదువుతున్న డాక్టర్లు ఉన్నారు. నేను చెప్పేది ఇద్దరికీ అర్థం కావాలి. వెనక ఉన్నవాళ్ళకి కొన్నిచోట్ల తెలిసిందే మళ్ళీ విన్నట్టు ఉంటుంది. కాస్త ఓపిక పట్టండి, ఎందుకంటే ఈ విషయంలో నేను మొదట చేసిన తప్పు తెలియక చేసినది కాదు. తెలిసిందే కదా అనుకుని చేసినది.

ఆ తప్పుతోనే మొదలుపెడతాను.

2009. నేను సర్జన్‌గా కొత్త. ఎనిమిదేళ్ళ పాపని తీసుకొచ్చారు. కుడి తొడ మీద మెత్తటి వాపు, పైన నీలం ఛాయ. వేలితో నొక్కితే అణిగిపోతుంది, వేలు తీస్తే మెల్లగా మళ్ళీ నిండుతుంది. చర్మం మీద ఆవగింజలంత పొక్కులు, కొన్నిట్లో నీరు, కొన్నిట్లో రక్తం. లోపల తడిమితే బియ్యపు గింజల్లా గట్టిగా తగిలేవి రెండు మూడు ఉన్నాయి. నడిస్తే నొప్పి, సాయంత్రానికి కాలు బరువు. "గడ్డ తీసేస్తే సరిపోతుంది" అని వాళ్ళ నాన్నకి నేనే చెప్పాను. "మీ చేతిలో పెడుతున్నాం సారూ" అన్నారాయన.

కోత పెట్టిన చోటల్లా రక్తం ఊరింది. ఒక నాళం తెగి చిమ్మితే దాన్ని పట్టుకుని కట్టేస్తాం, భయం ఉండదు. ఇది అలా కాదు. తడిసిన స్పాంజిని కోస్తే ఎలా ఉంటుందో అలా, అన్ని వైపుల నుంచీ ఒకేసారి. కుట్టు వేస్తే సూది దిగిన రంధ్రం నుంచి కూడా కారింది. పాపకి రక్తం ఎక్కిస్తూ నాలుగు గంటలు పెనుగులాడి, సగానికి పైగా లోపలే వదిలేసి మూసేశాం. ఆ తర్వాత నెలన్నర పాటు ఆ గాయం నుంచి లేత పసుపు నీరు కారుతూనే ఉంది. రోజుకి ఐదారుసార్లు కట్టు మార్చాలి. గాజుగుడ్డ కొనలేక వాళ్ళమ్మ పాత నూలు చీర చింపి, ఉడకబెట్టి ఎండబెట్టి, చదరాలుగా మడిచి తెచ్చేది. రెండేళ్ళు తిరిగేసరికి వాపు మునుపటంత అయింది.

ఆపరేషన్‌కి ముందు నేను డి-డైమర్ చూడలేదు, అంటే ఒంట్లో రక్తం గడ్డకట్టి కరుగుతోందని చెప్పే పరీక్ష. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫైబ్రినోజెన్ ఎంత ఉందో చూడలేదు. ముందుగా ఇచ్చి గడ్డని నెమ్మదింపజేసే మందు అప్పటికి ఎవరి చేతిలోనూ లేదు, అది నా తప్పు కాదు. రక్తపరీక్ష చేయకపోవడం మాత్రం ముమ్మాటికీ నా తప్పే. లోపల తగిలిన ఆ బియ్యపు గింజలు నాకు ఏదో చెబుతూనే ఉన్నాయి, నేను వినలేదు. వాటి సంగతి తర్వాత చెబుతాను.

ఇంతకీ ఈ జబ్బు ఏమిటి? మనలో చాలామంది కాలువల కింద పుట్టి పెరిగినవాళ్ళమే కాబట్టి అలాగే చెబుతాను. పెద్ద కాలువలో నీళ్ళు జోరుగా వస్తాయి. అది ధమని. అక్కడి నుంచి పిల్ల కాలువలు, బోదెలు చీలి పొలానికి నీరు పెడతాయి. ఆ బోదెలే కేశనాళికలు. పొలం తాగగా మిగిలిన నీరు మురుగు కాలువలోకి దిగుతుంది, అది సిర. పొలంలో ఊరి నిలిచిన తడిని లాగేసే సన్నటి కాలువలు ఇంకో రకం, వాటిలో ఉండేది లింఫ్. తల్లి కడుపులో ఈ ఏర్పాటంతా తయారయ్యేటప్పుడు ఒకచోట పని చెడుతుంది, ఆ లోపాన్నే మాల్ఫార్మేషన్ అంటాం. మురుగు కాలువ గట్లు పలచబడి చెరువులా ఉబ్బితే వీనస్ మాల్ఫార్మేషన్. లింఫ్ కాలువలు మూసుకుపోయి గుంటలు గుంటలుగా నిలిస్తే లింఫాటిక్ మాల్ఫార్మేషన్. బోదెలే లేకుండా పెద్ద కాలువకి గండి పడి నీరంతా నేరుగా మురుగు కాలువలోకి దూకితే ఆర్టీరియో వీనస్ మాల్ఫార్మేషన్, ఏవీఎం అంటాం. మొదటి రెండూ నిదానంగా పారేవి, మూడోది వేగంగా పారేది. ఒకే బిడ్డలో రెండు మూడు రకాలు కలిసి, పైగా ఎముక, కొవ్వు కూడా అతిగా పెరిగితే దాన్ని సంక్లిష్టమైన మాల్ఫార్మేషన్ అంటాం. క్లిపెల్ ట్రెనానే, క్లోవ్స్ అనే పేర్లు మీ ఫైళ్ళలో కొందరు చూసే ఉంటారు. ఒక కాలు రెండో కాలి కన్నా పెద్దదవుతుంది. అలాంటి బిడ్డకి చెప్పులు కొనాలంటే రెండు సైజుల్లో రెండు జతలు కొని, ఒక్కోదాంట్లో ఒకటి పక్కన పెట్టేయాలి. ఆ మిగిలిన చెప్పుల సంచి ఇంట్లో ఉన్న అమ్మలు ఈ హాల్లో ఉన్నారు, నాకు తెలుసు.

ఇక్కడ ఒక పొరపాటు విడదీసి చెప్పాలి. పిల్లల ఒంటి మీద ఎర్రగానో నీలంగానో ఏది కనిపించినా చీటీ మీద "హెమాంజియోమా" అని రాసేస్తున్నారు. హెమాంజియోమా, మాల్ఫార్మేషన్ రెండూ వేరని బోస్టన్‌లో మల్లికెన్, గ్లోవాకీ అనే పరిశోధకులు 1982లోనే తేల్చి చెప్పారు. హెమాంజియోమా పుట్టిన కొన్ని రోజులకో వారాలకో కనిపిస్తుంది, మొదటి ఏడాదిలో గబగబా పెరుగుతుంది, తర్వాత ఏళ్ళ మీద తనంతట తనే కరుగుతుంది. దానికి ప్రొప్రనలాల్ అనే మందు బాగా పనిచేస్తుంది. ఆ సంగతి ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు 2008లో బయటపెట్టారు. మాల్ఫార్మేషన్ అలా కాదు. పుట్టుకతోనే ఉంటుంది, బిడ్డతో పాటే పెరుగుతుంది, తనంతట పోదు. దానికి ప్రొప్రనలాల్ ఇచ్చి, "ఐదేళ్ళకి కరిగిపోతుంది, చూద్దాం" అని కూర్చుంటే ఐదేళ్ళూ వృథా. పేరు తప్పు రాస్తే వైద్యం మొత్తం తప్పుదారి పడుతుంది. పీజీలు ఇది రాసుకోండి.

ఇప్పుడు అమ్మలతో ఒక మాట. "గ్రహణం రోజు కదిలావు, అందుకే బిడ్డకి ఇలా" అని మీలో ఎంతమందిని అత్తింట్లోనో పుట్టింట్లోనో అన్నారు? చేతులు ఎత్తక్కర్లేదు. ఓపీలో నేను రోజూ వింటూనే ఉన్నాను. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. మీరు తిన్నదానికీ లేదు, చూసినదానికీ లేదు. కడుపులో పిండం ఎదుగుతున్నప్పుడు ఏదో ఒక్క కణంలో ఒక్క జన్యువులో అచ్చుతప్పు పడుతుంది. ఆ కణం నుంచి పుట్టిన కణాలన్నీ ఆ తప్పుని మోస్తాయి, మిగతా ఒళ్ళంతా మామూలుగానే ఉంటుంది. చాలామందిలో ఇది అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చినది కాదు. అందుకే రక్తపరీక్షలో దొరకదు, ఆ గడ్డ ముక్క తీసి చూస్తేనే దొరుకుతుంది.

ఏ జన్యువులు అంటే, వీనస్ రకంలో చాలాసార్లు, కణం పైన కబురు అందుకునే టై2 అనే గ్రాహకం తయారుచేసే జన్యువు. లింఫాటిక్ రకంలోనూ, ఒళ్ళు అతిగా పెరిగే క్లోవ్స్ లాంటి వాటిలోనూ పిక్‌3సీఏ. పేర్లు వేరైనా రెండూ ఒకే కాలువ మీద ఉన్నాయి. "పెరుగు, చీలు, నాళాలు వెయ్యి" అనే కబురు కణంలోకి ఆ కాలువ గుండానే వెళుతుంది. మామూలుగా అవసరమైనప్పుడు తూము తలుపు తెరుచుకుంటుంది, అవసరం తీరాక మూసుకుంటుంది. ఈ బిడ్డల్లో పై తూము తలుపు తుప్పు పట్టి తెరిచే ఉండిపోయింది. దాన్ని మనం బాగుచేయలేం. కానీ అదే కాలువ మీద దిగువన ఇంకో తూము ఉంది, దాని పేరు ఎంటార్. దాన్ని దించితే పొలం మునగడం తగ్గుతుంది. దాన్ని దించే మందే సిరోలిమస్.

ఈ మందు పుట్టుక గురించి రెండు నిమిషాలు చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. 1964లో కెనడా నుంచి ఒక శాస్త్రవేత్తల బృందం పసిఫిక్ సముద్రం నడుమ ఉన్న ఈస్టర్ దీవికి వెళ్ళింది. అక్కడి నుంచి మట్టి తెచ్చారు. ఆ మట్టిలోని ఒక సూక్ష్మజీవి బూజుని చంపే పదార్థం చేస్తోందని మాంట్రియల్‌లోని ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో కనుక్కున్నారు. ఆ పనిలో ముందున్నది సురేంద్రనాథ్ సెహగల్, మన భారతీయుడు. ఆ దీవిని అక్కడివాళ్ళు రాపా నుయి అంటారు, దాని మీదే మందుకి రాపామైసిన్ అని పేరు వచ్చింది. సిరోలిమస్ అన్నది దాని రెండో పేరు. మధ్యలో కంపెనీ ఆ ప్రయోగశాల మూసేసి పని ఆపేసింది. సెహగల్ ఆ సూక్ష్మజీవిని పారేయలేదు. ఇంట్లో ఫ్రీజర్‌లో పెట్టి, ఊరు మారినప్పుడు వెంట తీసుకెళ్ళాడు. కొన్నేళ్ళకి పై అధికారులను ఒప్పించి మళ్ళీ పని మొదలుపెట్టించాడు. 1999లో అమెరికాలో కిడ్నీ మార్పిడి రోగులకి అనుమతి వచ్చింది. ఆయన 2003లో పోయారు. అంటే తన మందు ఈ పిల్లల దాకా వస్తుందని ఆయన చూడలేదు. రాపామైసిన్ తగిలే చోటు కాబట్టే ఆ తూముకి ఎంటార్ అని పేరు. ముందు మందు దొరికింది, అది పట్టుకునే తాళం తర్వాత దొరికింది.

2011లో అమెరికాలోని సిన్సినాటి వైద్యులు, ఇక ఏ దారీ లేని కొద్దిమంది పిల్లలకి దీన్ని ఇచ్చి చూసి, గుణం కనిపించిందని రాశారు. 2016లో పెద్ద అధ్యయనం వచ్చింది. ఆరు నెలల దగ్గర లెక్కకి వచ్చిన 57 మందిలో 47 మందికి కొంత మేలు జరిగింది. ముగ్గురు ఉన్నట్టే ఉన్నారు, ఏడుగురికి జబ్బు ముదిరింది. ఇప్పుడు ఈ అంకె గట్టిగా గుర్తుపెట్టుకోండి: పూర్తిగా నయమైనవాళ్ళు సున్నా. చేసినవాళ్ళు కూడా అది ముందే అనుకున్నారు. ఈ మందు గడ్డని మాయం చేయదు. నెమ్మదింపజేస్తుంది, అంతే. నొప్పి తగ్గుతుంది, కారడం తగ్గుతుంది, వాపు కొంత తీస్తుంది. ఆపేస్తే చాలామందిలో మళ్ళీ వస్తుంది, ఎందుకంటే పై తూము అలాగే తెరిచి ఉంది కదా.

కత్తి ఒక్కటే పట్టుకుంటే ఏమవుతుందో 2009లో చూశాను. మందు ఒక్కటే ఇస్తే సున్నా అని ఈ అంకె చెబుతోంది. మరి రెండూ కలిపితే? కలపడం అంటే ఒకే చీటీ మీద రెండూ రాయడం కాదు. ఏది ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నదే అసలు వైద్యం. నా ఓపీ గదిలో స్కాన్ చూసే లైట్‌బాక్స్ పక్కనే పెద్ద తెలుగు క్యాలెండర్ వేలాడుతుంది. పిల్లల వైద్యం సగం దాని మీదే రాసుకుంటాం.

మందు ముందు ఇవ్వడానికి కారణాల్లో మొదటిది రక్తం. ఆ బియ్యపు గింజల సంగతి చెబుతానన్నాను. వీనస్ రకంలో రక్తం దాదాపు నిలిచిపోయి ఉంటుంది. నిలిచిన రక్తం లోపలే గడ్డకడుతుంది, కరుగుతుంది, మళ్ళీ కడుతుంది. అలా గడ్డకట్టినవి సున్నం పట్టి రాళ్ళవుతాయి. ఫ్లెబోలిత్‌లు అంటాం, నా వేళ్ళకి తగిలినవి అవే. ఈ కట్టడం కరగడంలో ఒంట్లో ఉన్న గడ్డకట్టే సరుకు, ముఖ్యంగా ఫైబ్రినోజెన్, రాత్రింబవళ్ళు ఖర్చయిపోతూ ఉంటుంది. డి-డైమర్ పెరుగుతుంది. అలాంటి బిడ్డ మీద కత్తి పెడితే, రక్తం ఆపడానికి కావలసిన సరుకు అప్పటికే కొట్టు ఖాళీ. అందుకే కుట్టు సూది రంధ్రం నుంచి కూడా కారింది.

దీనికి చేసేది వింటే చాలామంది తల్లిదండ్రులు ఉలిక్కిపడతారు. ఆపరేషన్‌కి ముందు కొన్ని రోజులు రక్తం పలచబడే ఇంజెక్షన్ ఇస్తాం, ఎనాక్సపారిన్ లాంటిది. "రక్తం ఎక్కువ పోతుందని మీరే అంటున్నారు, మళ్ళీ పలచన చేసే మందు ఏంటి సార్?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. లోపల అనవసరంగా గడ్డకట్టడం ఆపితే సరుకు ఖర్చు ఆగుతుంది, కొట్టు మళ్ళీ నిండుతుంది. ఆపరేషన్‌కి 12 నుంచి 24 గంటల ముందు ఇంజెక్షన్ ఆపేస్తాం. అప్పుడు కోస్తే రక్తం గడ్డకడుతుంది. సిరోలిమస్ కూడా నెలల మీద ఈ ఖర్చుని తగ్గిస్తుంది, చాలామందిలో డి-డైమర్ దిగడం కాగితం మీదే కనిపిస్తుంది.

రెండోది లింఫ్ కారడం. నెలన్నర పాటు చీర ముక్కలు తడిపిన నీరు అదే. మందు మీద కొన్ని నెలలు ఉన్న గడ్డని కోస్తే ఈ ఊట తగ్గుతుంది. ఇంకోటి, వాపు తీసినప్పుడు కండ, నరం, గడ్డ మధ్య గీత కొంచెం తేలుతుంది. స్కాన్‌లో పెద్ద తేడా కనిపించకపోయినా చేతికి తెలుస్తుంది. సర్జన్లకి ఈ మాట అర్థమవుతుంది.

కత్తి అంటున్నాను కానీ, దానికన్నా ముందు సూది ఉంది. స్క్లీరోథెరపీ. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదిని గుంటలోకి దింపి, లోపలి నీరో రక్తమో లాగి, గోడల్ని ఎండగట్టే మందు పెడతాం. పెద్ద పెద్ద లింఫ్ గుంటలైతే ఇది ఒక్కటే సరిపోవచ్చు, కత్తి అక్కర్లేదు. తేనెతుట్టెలా చిన్న చిన్న గదులుంటే సూది అన్నిట్లోకీ వెళ్ళలేదు, అక్కడే సిరోలిమస్ అవసరం. ఇందులో వాడే వాటిల్లో డాక్సీసైక్లిన్ ఒకటి. అది టెట్రాసైక్లిన్ల కుటుంబం. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ బయటపడింది లెడర్లీ ప్రయోగశాలల్లో, అప్పుడు అక్కడ పరిశోధనకి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. సిరంజిలో ఆ పసుపు మందు నింపేటప్పుడల్లా ఆయన్ని తలుచుకుంటాను. బ్లియోమైసిన్ ఇంకొకటి, బాగా పనిచేస్తుంది. కానీ మొత్తం మోతాదు మితిమీరితే ఊపిరితిత్తులకి చేటు. ఎక్కడ ఎంత ఇచ్చారో ప్రతి చీటీ దాచిపెట్టుకోండి.

ఇక ఆపడం. సిరోలిమస్ కణాల పెరుగుదలని ఆపుతుంది. గాయం మానాలంటే కణాలు పెరగాలి. అంటే గడ్డకి పనికొచ్చిన గుణమే కోతకి అడ్డు. కిడ్నీ మార్పిడి చేసేవాళ్ళు ఇది చాలా ముందే చూశారు, కుట్లు విడిపోవడం, లోపల లింఫ్ చేరడం. పెద్దవాళ్ళలో ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికే సుమారు రెండున్నర రోజులు పడుతుంది. అందుకని నేను ఆపరేషన్‌కి 10 నుంచి 14 రోజుల ముందు ఆపుతాను. ఆపకుండానే చేసేవాళ్ళు కూడా ఉన్నారు. చిన్న కోతలకి అది సరిపోతుందేమో గానీ, తొడ అంతా తెరిచే ఆపరేషన్‌కి నాకు ధైర్యం చాలదు. గాయం పూర్తిగా మూసుకున్నాక, కుట్ల చోట తడి లేదని చూసుకున్నాక మళ్ళీ మొదలుపెడతాం. ఎందుకంటే లోపల ఎంతో కొంత మిగిలే ఉంటుంది. మొత్తం తీయాలని పట్టుదలకి పోతే నరం తెగుతుంది, కాలు పడిపోతుంది. నడిచే కాలు, మూసుకునే నోరు, తిరిగే మెడ దక్కించుకోవడమే మన పని. మిగిలినదాన్ని మందు కాపలా కాస్తుంది.

ఒక బాబు గురించి చెబుతాను. నాలుక, నోటి అడుగు, మెడ అంతా లింఫాటిక్ మాల్ఫార్మేషన్. ఊపిరి ఆడక పుట్టిన వారంలోనే మెడకి రంధ్రం చేసి గొట్టం పెట్టారు, ట్రాకియాస్టమీ. మూడేళ్ళ వయసులో మా దగ్గరికి వచ్చాడు. నాలుక పళ్ళు దాటి బయటికి ఉండేది, మీద పొక్కులు, వాటి నుంచి రక్తం. శ్రీకాకుళం వైపు నుంచి రాత్రి బస్సులో వచ్చేవాళ్ళు. వాళ్ళమ్మ ఒళ్ళో బాబు, కాళ్ళ దగ్గర గొట్టం శుభ్రం చేసే సక్షన్ మెషిన్. సిరోలిమస్ మొదలుపెట్టాం. రెండు నెలలకి వచ్చినప్పుడు స్కాన్ చూసి నేను పెద్దగా మార్పు లేదనుకున్నాను. ఆవిడ అంది, "పొద్దున లేచేసరికి దిండు గలీబు మీద రక్తం లేదు సార్, పది రోజులైంది." స్కాన్ కన్నా ముందు గలీబు చెప్పింది. అప్పటినుంచి ప్రతి ఇంట్లోనూ ఏం మారిందో అడిగి రాసుకుంటున్నాం.

ఆరు నెలల తర్వాత మెడలోని పెద్ద గుంటలకి సూది మందు, మూడుసార్లు. మధ్యలో న్యుమోనియా వచ్చింది. సిరోలిమస్ రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది, ఇది దాచకూడని విషయం. మూడు వారాలు ఆపేశాం, నాలుక మళ్ళీ ఉబ్బింది. తూము ఎత్తితే ఏమవుతుందో కళ్ళారా చూశాం. తేరుకున్నాక మళ్ళీ మొదలుపెట్టి, బాబుకి ఐదేళ్ళు నిండాక మందు ఆపి, నాలుక తగ్గించే ఆపరేషన్ చేశాం. ఆ రోజు పోయిన రక్తం ఒక చిన్న టీ గ్లాసు కూడా నిండదు. మరుసటి ఏడాది గొట్టం తీసేశాం. మాట ఇంకా ముద్దగానే వస్తుంది, స్పీచ్ థెరపీ నడుస్తోంది. నోరు మూసుకుని నిద్రపోతాడు.

ఏవీఎం సంగతి వేరు, దాన్ని ఇందులో కలపొద్దు. సిరోలిమస్ అక్కడ అంత బాగా పనిచేయదు, జన్యువు కూడా చాలాసార్లు వేరే కాలువ మీద ఉంటుంది. అక్కడ ఘోరమైన తప్పు ఏమిటంటే వచ్చే ధమనిని కట్టేసి ఊరుకోవడం. గండి అలాగే ఉంచి పెద్ద కాలువకి అడ్డుకట్ట వేస్తే నీరు చుట్టుపక్కల కాలువలన్నిట్లోంచీ గండికే పరిగెడుతుంది. జబ్బు పెద్దదవుతుంది, పైగా తర్వాత లోపలి నుంచి మందు పంపే దారి కూడా మనమే మూసేసినట్టవుతుంది. గండి దగ్గరే పూడ్చాలి. ధమని గుండా సన్నటి గొట్టం పంపి జిగురు లాంటి పదార్థంతో నింపి, ఒకటి రెండు రోజుల్లోనే కోసి తీసేయాలి. ఇక్కడ మందు భాగం ఇప్పుడిప్పుడే వస్తోంది. ట్రామెటినిబ్ అనే మందు ప్రయత్నిస్తున్నారు. ఒకప్పుడు కాళ్ళూ చేతులూ లేని బిడ్డల్ని పుట్టించిన థాలిడోమైడ్‌ని బెల్జియం వైద్యులు ఎంతో జాగ్రత్తతో కొద్దిమందిలో వాడి 2022లో ఆశ కలిగించే ఫలితాలు చూపించారు. నేనింకా దూరం నుంచే చూస్తున్నాను.

అల్పెలిసిబ్ గురించి బయట కారిడార్లో ఒక నాన్న అడిగారు. అది పిక్‌3సీఏ తూముని నేరుగా దించే మందు, రొమ్ము క్యాన్సర్ కోసం తయారైంది. పారిస్‌లో గియోమ్ కానో బృందం 19 మందికి ఇచ్చి 2018లో రాసింది. 2022 ఏప్రిల్‌లో అమెరికా రెండేళ్ళు దాటిన పిల్లలకి కూడా అనుమతించింది. షుగర్ పెరగడం దాని ఇబ్బంది. అది వాడాలంటే ముందు గడ్డ ముక్కలో ఆ జన్యువు తప్పు ఉందని తేలాలి. కాబట్టి ఆపరేషన్ జరిగిన ప్రతిసారీ ఒక ముక్క జన్యు పరీక్షకి దాచమని అడగండి. ఇవాళ పనికిరాకపోయినా రేపు పనికొస్తుంది.

ఇంటి దగ్గర చూసుకోవాల్సినవి గబగబా చెబుతాను, చాలామంది బస్సు టైమ్ చూసుకుంటున్నారు. సిరోలిమస్ రోజూ ఒకే వేళకి, తిన్నాక వేసుకునేవాళ్ళు ఎప్పుడూ తిన్నాకే, తినకముందు వేసుకునేవాళ్ళు ఎప్పుడూ తినకముందే. రక్తంలో మందు మోతాదు పరీక్షకి వచ్చే రోజు పొద్దుటి డోసు వేసుకోకుండా రావాలి. మొదటి అధ్యయనంలో మిల్లీలీటరు రక్తానికి 10 నుంచి 15 నానోగ్రాముల మట్టంలో ఉంచారు, ఇప్పుడు చాలామందికి అంతకన్నా తక్కువలోనే గుణం కనిపిస్తోంది. గ్రేప్‌ఫ్రూట్ తినకూడదని కాగితం మీద ఉంటుంది. మన దగ్గర అది అరుదు, కానీ దాని దగ్గరి చుట్టం పంపరపనస పెరట్లోనే కాస్తుంది. అదీ వద్దు, మందు మోతాదు రక్తంలో పెంచేస్తుంది. జ్వరం 100.4 దాటితే రేపు చూద్దాం అనుకోకండి, అదే రోజు చూపించండి. నోట్లో పుళ్ళు మామూలే, పుక్కిలించే మందు ఇస్తాం. బతికున్న క్రిమితో చేసే టీకాలు మందు మీద ఉండగా వేయించకూడదు, వీలైతే ముందే వేయించండి. మెడికల్ షాపులో ఏ యాంటీబయోటిక్ కొన్నా, బూజు మందు కొన్నా ముందు మాకు ఫోన్ చేయండి, కొన్ని దీనితో పడవు. ఈ మందు పెట్టె మీద మీ జబ్బు పేరు ఉండదు, కిడ్నీ మార్పిడి అని ఉంటుంది. షాపువాళ్ళు "ఇది మీ పిల్లకెందుకు?" అని అడిగితే కంగారు పడకండి.

ఆ పాప సంగతి చెప్పి ముగిస్తాను. 2009 పాప. రెండేళ్ళ క్రితం తనే నా పేరు వెతుక్కుని వచ్చింది. డిగ్రీ అయింది, ఉద్యోగం చేస్తోంది, నిలబడి చేసే పని కావడంతో కాలు మళ్ళీ బాధపెడుతోంది. నన్ను చూసి మొదట అంది, "సార్, అప్పుడు మీరు మా అమ్మకి ఇచ్చిన గాజుగుడ్డ ప్యాకెట్లు గుర్తున్నాయా?" నాకు గుర్తులేదు. నాకు చీర ముక్కలే గుర్తున్నాయి. అప్పుడు ఏం జరిగిందో, నేను ఏ పరీక్ష చేయలేదో మొత్తం చెప్పాను. తను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇప్పుడైతే ఎలా చేస్తారు?" అని అడిగింది. క్యాలెండర్ తీసి చూపించాను.

పెళ్ళి సంబంధాలు చూస్తున్నారని చెప్పింది. సిరోలిమస్ మీద ఉండగా గర్భం రాకూడదు, గర్భంతో ఉన్నప్పుడు ఈ గడ్డలు పెరిగే వీలుంది, అది కూడా దాపరికం లేకుండా మాట్లాడుకున్నాం. మోకాలి దగ్గర గుంటలకి సూది మందు రెండుసార్లు అయింది. సిరోలిమస్ మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. మొదటి రోజు డి-డైమర్ మామూలు కన్నా ఎన్నో రెట్లు ఉండేది, పోయిన వారం దాదాపు మామూలుకి వచ్చింది. పొక్కులు ఎండిపోయాయి. తొడ పక్కన మిగిలిన భాగం తీయడానికి వచ్చే నెల 19న ఆపరేషన్. 7న సిరోలిమస్ ఆపాలి. ఆ తేదీకి తనే ఫోన్‌లో అలారం పెట్టుకుంది. 18 సాయంత్రం చివరిసారి ఫైబ్రినోజెన్ చూస్తాను. అంకె బాగుంటేనే కత్తి తీస్తాను, లేకపోతే మళ్ళీ తేదీ మారుస్తామని ఇద్దరం ఒప్పుకున్నాం.

ప్రశ్నలుంటే అడగండి. పిల్లలున్నవాళ్ళు ముందు.